మాగుంట లేఅవుట్‌లో ఈబీ-1ఏ ప్యాకేజీ: ఐదుకి రెండు, అవీ ట్రాన్స్‌లేషన్ టేబుల్‌కే

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండు స్టార్లు. ఆ రెండూ లోపల మూల టేబుల్ దగ్గర కూర్చుని డాక్యుమెంట్లు సరిచూసే అమ్మాయివి. గ్లాసు డోరు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టిన ఈబీ-1ఏ సర్వీసుకైతే సున్నా. ఈబీ-1ఏ అంటే తన రంగంలో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళకి అమెరికా ఇచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీ. ఆఫీసు పేరు రాయడం లేదు. నెల్లూరులో వీసా బోర్డులకేం తక్కువ లేదు, ఇలాంటి ప్యాకేజీ ఒంగోలులో కూడా అమ్ముతున్నారని మా ఫ్రెండ్ చెప్పాడు, కాబట్టి పేరుకన్నా వాళ్ళు అమ్మే సరుకేంటో తెలిస్తేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

కేసు నాది కాదు. మా పెద్దమ్మ కొడుకుది. అన్నయ్య న్యూజెర్సీలో ఉంటూ ఒక బ్యాంకు పేమెంట్స్ ఫ్రాడ్ టీమ్‌లో పని చేస్తాడు. డబ్బు కట్టింది మాత్రం ఇక్కడ మా పెదనాన్న, రెండు లక్షలు అడ్వాన్సు. కొడుక్కి చెప్పకుండా ఏం కట్టలేదు, చెప్పే కట్టాడు, కాకపోతే ఫోన్లో అన్నయ్య నిద్రమత్తులో "సరే నాన్నా, చూద్దాంలే" అన్నది ఈయనకి "కట్టేయ్ నాన్నా" అని వినిపించింది. తర్వాత ఇద్దరికీ అనుమానం మొదలై, "నువ్వు కూడా ఆ లైన్లోనే ఉండావు కదా అబ్బయా, ఒకసారి పోయి వాళ్ళు ఏం చెప్తారో విని రా" అని నన్ను పట్టుకున్నారు. నేను చెన్నైలో ఒక పేమెంట్ గేట్‌వే కంపెనీలో రీకన్సిలియేషన్, అంటే లావాదేవీల లెక్కలు సరిపోల్చే పని చూస్తా. అందుకని పెదనాన్నతో పాటు వెళ్ళి కూర్చున్నా.

అసలు వీళ్ళ దగ్గరికి జనం ఎందుకు పోతున్నారో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అన్నయ్యకి ఈబీ-2లో (పెద్ద చదువులున్న ఉద్యోగుల కేటగిరీ) ఐ-140, అంటే గ్రీన్‌కార్డు పిటిషన్, ఎప్పుడో అప్రూవ్ అయింది. ప్రయారిటీ డేట్, అంటే లైన్లో తన స్థానం చెప్పే తేదీ, 2016. ఉద్యోగాల కోటాలో అమెరికా ఏడాదికి ఇచ్చేది దాదాపు 1,40,000 గ్రీన్‌కార్డులు, అందులో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. ఆ లెక్కన 2025లో ఇండియా ఈబీ-2 లైను ఇంకా 2012, 2013 తేదీల మధ్యే పాకుతా ఉంది. అదే ఏడాది, ఈబీ-1ఏ ఉండే ఈబీ-1 లైన్లో ఇండియా తేదీ 2022 ఫిబ్రవరి దాకా వచ్చేసింది. పాత ఐ-140లో ఉన్న ప్రయారిటీ డేట్‌ని కొత్త కేటగిరీకి తెచ్చుకోవచ్చు కాబట్టి, 2016 డేట్ చేతిలో ఉన్నవాడికి ఈబీ-1ఏ ఒక్కటి అప్రూవ్ అయితే చాలు, లైను దాటేసినట్టే. పైగా దీనికి కంపెనీ స్పాన్సర్ చెయ్యాల్సిన పని లేదు, ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదని చూపించే లేబర్ సర్టిఫికేషన్ లేదు, తన పేరు మీద తానే వేసుకోవచ్చు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చాక మన ఇళ్ళల్లో టెన్షన్ ఇంకాస్త పెరిగింది. ఆ టెన్షన్‌కి రేటు కట్టి అమ్ముతున్నారు, అంతే.

ఆఫీసు బాగుంది, అందులో వంక పెట్టేదేం లేదు. ఏసీ చల్లగా ఉంది, వెళ్ళగానే మంచినీళ్ళు, కాఫీ ఇచ్చారు. గోడ మీద స్వేచ్ఛా విగ్రహం బొమ్మ, పక్కన గాజు ట్రోఫీలు వరసగా పెట్టారు. వాళ్ళకొచ్చినవేమో అనుకున్నా. కాదట, క్లయింట్లకి ఇప్పించే అవార్డుల శాంపిల్స్ అట. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి వీసా రొట్టె పట్టుకునే ఊరు మనది, అక్కడ దర్గా దగ్గర ఎవరూ ఎవరినీ సిల్వరా, గోల్డా అని అడగరు. ఇక్కడ మాత్రం పెళ్ళి మండపం వాళ్ళలాగా సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు ప్యాకేజీలున్న కార్డు చేతిలో పెట్టారు.

పెదనాన్న కట్టిన అడ్వాన్సు ప్లాటినంకి. మొత్తం పద్నాలుగు లక్షలు. అందులో అవార్డులు, రీసెర్చ్ పేపర్లు, ఏదో ఇంటర్నేషనల్ అసోసియేషన్‌లో మెంబర్‌షిప్, ఒక పోటీకి జడ్జిగా పిలుపు, వెబ్ మ్యాగజైన్లలో అన్నయ్య గురించి ఆర్టికల్స్, సిఫార్సు లెటర్లు, అన్నీ వాళ్ళే చూసుకుంటారట. కౌన్సెలర్ అబ్బాయి ల్యాప్‌టాప్ తిప్పి ఒక ఎక్సెల్ షీట్ చూపించాడు. పది వరసలు, కొన్నిటి పక్కన ఆకుపచ్చ టిక్కు. "పదిలో మూడుంటే చాలు సార్, మనం ఆరు కొడతాం" అన్నాడు.

పదిలో మూడు అన్న మాట నిజమే. నోబెల్ లాంటి పెద్ద అవార్డు ఒకటి ఉండాలి, లేదా రూల్లో ఉన్న పది రకాల ఆధారాల్లో కనీసం మూడు చూపించాలి. ఆ పదిలో రెండు కళలకి సంబంధించినవి, ఎగ్జిబిషన్లు, బాక్సాఫీసు వసూళ్ళు లాంటివి, పేమెంట్స్ ఇంజనీర్‌కి వాటితో పని లేదు. కానీ మూడు దాటగానే పని అయిపోదు. 2010లో కజారియన్ అనే కేసులో అమెరికా కోర్టు తీర్పు వచ్చిన తర్వాత యూఎస్‌సీఐఎస్ (ఈ పిటిషన్లు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) రెండు మెట్లుగా చూస్తోంది. మొదట మూడున్నాయా లేదా అని, ఆ తర్వాత మొత్తం ఫైలు ముందేసుకుని, ఈ మనిషి తన రంగంలో పైన ఉండే కొద్దిమందిలో ఒకడేనా, ఆ పేరు కొన్నాళ్ళుగా నిలబడి ఉందా అని. చాలా ఫైళ్ళు బోల్తా కొట్టేది ఈ రెండో మెట్టు దగ్గరే. దాని గురించి ఏం చేస్తారని అడిగితే ఆ అబ్బాయి నవ్వి, "అది ఆఫీసర్ మూడ్ సార్, మన చేతిలో లేదు" అన్నాడు. పద్నాలుగు లక్షలు తీసుకునేవాడు చెప్పాల్సిన మాటేనా ఇది?

తర్వాత స్పైరల్ బైండింగ్ చేసిన శాంపిల్ ఫైలు ఇచ్చారు, ఎవరిదో అప్రూవ్ అయిన కేసట, పేర్లు నల్ల స్కెచ్‌తో కొట్టేశారు. తిరగేస్తూ లెటర్ల దగ్గర ఆగా. రెండు వేర్వేరు కంపెనీల వాళ్ళు రాసినట్టున్న రెండు లెటర్లలో ఒకే పేరా, కామాతో సహా, దిగిపోయి ఉంది. ఇంకో లెటర్లో అయితే మొదటి పేరాలో అబ్బాయిగా ఉన్న మనిషి మూడో పేరాకొచ్చేసరికి అమ్మాయి అయిపోయాడు. కౌన్సెలర్‌కి చూపిస్తే "టైపింగ్ మిస్టేక్ సార్" అని ఫైలు మెల్లిగా వెనక్కి లాక్కున్నాడు. పెదనాన్న జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా రిటైరైన మనిషి, జీవితమంతా కాపీ కొట్టిన పేపర్లు పట్టుకున్నాడు, ఆయన మొహం అక్కడే మారిపోయింది.

అవార్డుల సంగతి. డబ్బు కట్టి అప్లై చేస్తే ఇచ్చే అవార్డుని ఎవరిచ్చారు, ఎంతమందిలో ఇచ్చారు, ఏం చూసి ఇచ్చారు అని అడుగుతారు. వీళ్ళు చూపించిన దాంట్లో ఒకే కేటగిరీలో బోలెడుమంది విన్నర్లున్నారు. మెంబర్‌షిప్ కూడా అంతే, ఫీజు కట్టి ఫారం నింపితే వచ్చేది పనికిరాదు, గొప్ప పని చేసినవాళ్ళనే నిపుణులు ఎంచి చేర్చుకునే సంఘం అయ్యుండాలి. ఇంజనీర్ల పెద్ద సంఘాల్లో మామూలు సభ్యత్వం సరిపోకపోవచ్చు, ఫెలో స్థాయి అయితే లెక్కలోకి రావచ్చు అని యూఎస్‌సీఐఎస్ పాలసీ మాన్యువల్‌లోనే ఉదాహరణ ఉంది. జడ్జింగ్ ఒకటి కాస్త నిజాయితీగా దొరికే ఆధారం, పేపర్లు రివ్యూ చేసినా, హ్యాకథాన్‌లో నిజంగా కూర్చుని మార్కులేసినా చూపించుకోవచ్చు. పిలుపు వచ్చిందన్న ఈమెయిల్ ఒక్కటే పెడితే మాత్రం చాలదు, పని చేసినట్టు రుజువుండాలి.

ఆ ఎక్సెల్‌లో జీతం వరస చూస్తే నాకు నవ్వాగలేదు. అన్నయ్య న్యూజెర్సీ జీతాన్ని రూపాయల్లోకి మార్చి, ఇండియాలో సాఫ్ట్‌వేర్ సగటు జీతంతో పోల్చి టిక్కు పెట్టారు. ఆ లెక్కన ఎడిసన్‌లో అపార్టుమెంట్లలో ఉండే మనవాళ్ళంతా అసాధారణ ప్రతిభావంతులే. ఎక్కడ పని చేస్తే అక్కడి జీతాలతో, అదే పని చేసేవాళ్ళతో పోల్చాలి. హైదరాబాద్‌లో ఉన్నవాడిని ఇండియా లెక్కలతో, అమెరికాలో ఉన్నవాడిని అక్కడి కార్మిక శాఖ లెక్కలతో, వీలైతే అదే ఏరియా లెక్కలతో. న్యూయార్క్ చుట్టుపక్కల బ్యాంకుల్లో జీతాలు ఎలాగూ ఎక్కువే కాబట్టి అక్కడ నెగ్గుకురావడం కష్టం. ఆ మాత్రం తెలియకుండా ఫిన్‌టెక్ (పేమెంట్స్, బ్యాంకింగ్ టెక్నాలజీ) వాళ్ళకి స్పెషల్ ప్యాకేజీ అని బోర్డు ఎలా పెట్టారో.

ఇంక అసలు విషయం. అంతసేపు కూర్చుంటే, అన్నయ్య ఆఫీసులో చేసే పనేంటని వాళ్ళల్లో ఒక్కరు కూడా అడగలేదు. ఫిన్‌టెక్ అని ఒక గడిలో కొట్టుకున్నారు, అయిపోయింది. అన్నయ్య దగ్గర చెప్పుకోదగిన పని నిజంగా ఉంది. 2023 జూలైలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఫెడ్‌నౌ మొదలుపెట్టింది, మన యూపీఐ లాగా అప్పటికప్పుడు డబ్బు అవతలి బ్యాంకులో పడే పద్ధతి. మనకి 2016 నుంచే అలవాటు కాబట్టి ఇందులో ఏముందిలే అనిపిస్తుంది గానీ, అక్కడ చెక్కులు, రోజుల తరబడి నడిచే ఏసీహెచ్ బదిలీలు అలవాటున్న బ్యాంకులకి అది పెద్ద మార్పు. డబ్బు సెకన్లలో వెళ్ళిపోతుంది, వెళ్ళాక వెనక్కి తెచ్చుకునే వీలుండదు, అంటే దొంగ లావాదేవీని పట్టుకుంటే వెళ్ళకముందే పట్టుకోవాలి. వాళ్ళ బ్యాంకులో ఆ ముందస్తు చెకింగ్ పెట్టిన టీమ్‌కి లీడు అన్నయ్యే, దొంగ డబ్బు దాటించడానికి వాడే మ్యూల్ అకౌంట్లని పసిగట్టే పద్ధతి ఒకటి తను తయారు చేశాడు, ఇప్పుడు వాళ్ళకి సాఫ్ట్‌వేర్ ఇచ్చే వెండర్ ద్వారా వేరే చిన్న బ్యాంకులు కూడా దాన్నే వాడుతున్నాయి. ఇది ఆ ఎక్సెల్‌లో ఎక్కడా లేదు. పెదనాన్నకి కూడా ఆ రోజు నేను చెప్తేనే తెలిసింది, "మావాడు ఇంత పని చేస్తా ఉండాడా" అన్నాడు.

ఫిన్‌టెక్ వాళ్ళకున్న ఇబ్బంది ఇదే. ప్రొఫెసర్‌కి సైటేషన్లుంటాయి, అంటే తన పేపర్లని వేరేవాళ్ళు ఉదహరించిన లెక్క, డాక్టరు తను చేసిన ఆపరేషన్ గురించి జర్నల్లో రాసుకుంటాడు. ఫ్రాడ్ టీమ్‌లో పనిచేసేవాడు తను ఆపిన మోసం గురించి బయట నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, ఆఫీసు విషయాలు బయటపెట్టనన్న ఒప్పందం (ఎన్‌డీఏ) మీద సంతకం పెట్టి ఉంటాడు, పైగా ఏ రూలుతో దొంగని పట్టుకుంటున్నామో కాగితం మీద పెట్టడం తెలివైన పనీ కాదు. కాబట్టి చేసిన పని చీకట్లో ఉండిపోతుంది, ఆ ఖాళీలో ఈ గాజు ట్రోఫీలు తెచ్చి నింపుతున్నారు. నిజంగా సాయం చేసేవాడైతే ఇక్కడ బుర్ర పెట్టాలి. కంపెనీ అనుమతితో పై అధికారి చేత లెటర్ రాయించాలి, అందులో నష్టం ఎంత తగ్గిందో అసలు అంకెలు చెప్పలేకపోతే శాతాల్లో చెప్పించాలి, వెండర్ నుంచి, ఆ పద్ధతి వాడుతున్న వేరే బ్యాంకుల నుంచి లెటర్లు తేవాలి, కాన్ఫరెన్సులో మాట్లాడి ఉంటే ఆ అజెండా, పేటెంట్ ఉంటే దాన్ని ఎవరు వాడుతున్నారో చూపించే కాగితం. పేటెంట్ నంబరు ఒక్కటే పెడితే, సరే కొత్తదే, దానివల్ల ఈ రంగంలో ఏం మారింది అని తిరుగు ప్రశ్న వస్తుంది.

మన దగ్గర యూపీఐ మీద పనిచేసే కుర్రాళ్ళకి కూడా ఇదే చెప్తున్నా. 2025 ఆగస్టులో ఒక్క నెలలో యూపీఐ 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. అందులో నేనూ ఉన్నా అంటే ఆఫీసర్‌కి ఏం ఎక్కదు. అంత పెద్ద దాంట్లో నీ చెయ్యి ఎక్కడుంది, నువ్వు పెట్టింది తీసేస్తే ఏది ఆగిపోతుంది, అది నువ్వు కాకుండా ఇంకెవరు చెప్తారు, ఈ మూడూ కాగితం మీదకి రావాలి.

ఈ ఆఫీసులో నాకు అన్నిటికన్నా భయమేసింది పేపర్ల విషయంలో. వాళ్ళ టీమే రాస్తుందట, అన్నయ్య పేరుతో పబ్లిష్ చేయిస్తారట, "సార్ ఒకసారి చదువుకుంటే చాలు" అన్నాడు. ఐ-140 మీద సంతకం చేసేది పిటిషనర్, అందులో ఉన్నదంతా నిజమని ప్రమాణం చేసి చేసే సంతకం అది. తెలిసి తప్పుడు ఆధారం పెట్టాడని తేలితే ఆ ఒక్క కేసు పోవడంతో ఆగదు, అమెరికా చట్టంలో అది శాశ్వతంగా తలుపు మూసేసేంత తప్పు, మినహాయింపులు చాలా తక్కువ. మరి ఫారంలో, తయారు చేసినవాళ్ళ వివరాలు రాసే చోట మీ పేరుంటుందా అని అడిగా. "లేదు సార్, మేం ఎక్కడా కనపడం, అంతా సెల్ఫ్ పిటిషన్ లాగే వెళ్తుంది" అన్నాడు, అదేదో సౌకర్యం అన్నట్టు. ఆ మాట వినగానే ఎవరైనా లేచి వచ్చేయాలి. అమెరికాలో ఇమిగ్రేషన్ మీద లీగల్ సలహా ఇవ్వాల్సింది లైసెన్సున్న అటార్నీ, లేదా ప్రభుత్వం గుర్తించిన ప్రతినిధి. వీళ్ళ దగ్గర అటార్నీ ఉన్నారా అంటే "టై-అప్ ఉంది" అన్నారు, పేరు చెప్పమంటే ఫైలింగ్ స్టేజ్‌లో చెప్తారట.

టైము గురించి కూడా బ్రోషర్‌లో "15 రోజుల్లో అప్రూవల్" అని వేశారు. అదనపు ఫీజు కట్టే ప్రీమియం ప్రాసెసింగ్‌లో 15 పని దినాల్లో ఏదో ఒక చర్య తీసుకుంటారు, అది అప్రూవల్ కావచ్చు, రిజెక్షన్ కావచ్చు, ఇంకా ఆధారాలు పంపమనే ఆర్‌ఎఫ్‌ఈ కావచ్చు. ఆర్‌ఎఫ్‌ఈ వస్తే జవాబు రాయడానికి వీళ్ళ దగ్గర వేరే ఛార్జి, కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. ప్రభుత్వ ఫీజులు ప్యాకేజీలో లేవు, 2024 ఏప్రిల్‌లో మారిన రేట్ల ప్రకారం ఐ-140కి 715 డాలర్లు, సొంతంగా వేసుకునేవాళ్ళకి ఇంకో 300, ప్రీమియం కావాలంటే అప్పటి రేటు 2,805, ఇవన్నీ పైన. అన్నిటికన్నా అన్యాయం, మా పక్కన కూర్చున్న ఒకాయనకి, వాళ్ళబ్బాయి బెంగళూరులో ఉన్నాడట, పాత ఐ-140 ఏదీ లేదు, ఏడాదిలో గ్రీన్‌కార్డు అని చెప్పడం. ఇవాళ కొత్తగా వేస్తే ఇవాళ్టి డేటే వస్తుంది, ఈబీ-1లోనూ ఇండియాకి లైను ఉంది. లేచి చెప్దామనుకునేలోపే ఆయన్ని లోపల క్యాబిన్‌లోకి తీసుకెళ్ళిపోయారు.

బాగున్నదాని గురించి కూడా రాయాలి. డాక్యుమెంట్ టేబుల్ దగ్గరి అమ్మాయికి పని తెలుసు. తెలుగులో ఉన్న ఏ కాగితమైనా పూర్తిగా ఇంగ్లిష్‌లోకి మార్చి, అనువాదం సరైనదని, తనకి రెండు భాషలూ వచ్చని అనువాదకులు సర్టిఫికెట్ ఇవ్వాలి. పెదనాన్న దగ్గర అన్నయ్య గురించి జిల్లా ఎడిషన్‌లో వచ్చిన పాత పేపర్ కటింగ్ ఉంది, ఇంటర్‌లో ర్యాంకు వచ్చినప్పటిది. ఈబీ-1ఏకి అది పనికిరాదు, ఫీల్డుకి సంబంధించిన పని గురించి రాసి ఉండాలి, హెడ్డింగు, తేదీ, రాసినవాళ్ళ పేరు కూడా కావాలి అని ఆ అమ్మాయే మొహమాటం లేకుండా చెప్పింది. ఆఫీసు మొత్తమ్మీద మేం విన్న నిజమైన సలహా అదొక్కటే. పెళ్ళి సర్టిఫికెట్, వదిన బర్త్ సర్టిఫికెట్ ఎలాగూ తర్వాత కావాలి కాబట్టి అవి ట్రాన్స్‌లేట్ చేయించుకున్నాం. ఇంటిపేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉంటే వేలు పెట్టి చూపించింది. పేజీకి తీసుకున్నది కూడా తక్కువే.

అన్నయ్య తర్వాత అమెరికాలోనే ఒక అటార్నీతో డబ్బు కట్టి వీడియోలో మాట్లాడాడు. ఆవిడ మెయిల్‌కి జవాబివ్వడానికి రోజులు తీసుకుంటుంది, ఫీజు కూడా తక్కువేం కాదు. కానీ మొదలుపెట్టడమే "మీరు చేసినదాన్ని మీ బ్యాంకు బయట ఎవరు వాడుతున్నారు" అని మొదలుపెట్టిందట. ఆ పదిలో ఒకటైన లీడ్ రోల్‌కి (సంస్థలో ముఖ్య పాత్ర) ఆధారాలు గట్టిగానే ఉన్నాయి, జీతం పర్లేదు, రివ్యూ చేసిన పేపర్లు నిజమైనవే కాబట్టి జడ్జింగ్ నిలబడుతుంది, బయటి బ్యాంకుల లెటర్లు రాకుండా మాత్రం వెయ్యొద్దు అని చెప్పింది. అవార్డుల మాటెత్తితే వద్దంది. ఇప్పుడు లెటర్ల కోసం అన్నయ్య వాళ్ళ లీగల్ డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతున్నాడు.

అడ్వాన్సు సంగతి. పెదనాన్న వెళ్ళి వాళ్ళ సోఫాలో కూర్చుని పేపర్ చదువుకోవడం మొదలుపెట్టాడు. గొంతు పెంచడు, లేవడు, కొత్త కస్టమర్లు వస్తే "రాండి, కూర్చోండి" అని పలకరిస్తాడు. చివరికి సగం వెనక్కిచ్చారు, మిగతా సగం ప్రొఫైల్ ఎవాల్యుయేషన్‌కి అయిపోయిందట, అంటే ఆ ఎక్సెల్ షీటుకి లక్ష. రసీదు మీద ఎక్కడా డబ్బు వాపసివ్వం అన్న మాట లేదు. 5 లక్షల లోపు చెల్లింపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యడానికి ఫీజు లేదని తెలిశాక రసీదు, బ్రోషర్, వాళ్ళు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ప్రింటు తీయించుకున్నాడు, ముందు ఒక నోటీసు పంపిస్తాడట. మీరు ఇప్పటికే ఎక్కడైనా కట్టి ఉంటే ఆ "15 రోజుల్లో అప్రూవల్" బ్రోషర్ పారేయకండి, ఈమధ్య కొత్తది వేయించారు, అందులో ఆ లైను తీసేశారు.